అరికాళ్ళ మంట చల్లారేదెట్లా?

మా పెద్దమ్మది శామీర్‌పేట చెరువుకు కొంత దూరములో ఉన్న ఒక చిన్న పల్లె. కొన్నేండ్ల క్రితము ఒక వేసవిలో ఆమె ఇంట రెండు రాత్రులు ఉండవలసి వచ్చింది. నడిరాత్రి నాకు మెలకువ వచ్చి చూస్తే పక్క మంచము ఖాళీగా ఉన్నది. లేచి వాకిట్లోకి వెళ్ళాను. పెద్దమ్మ పీట వేసుకొని, గంగాళములో నీళ్ళు పోసుకొని, రెండు పాదములు అందులో పెట్టుకొని కూర్చున్నది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏం గాలే బిడ్డా, నువ్వు పోయి పండుకో. నాకిది రోజూ ఉన్నదే. కాళ్ళల్ల నిప్పులు పోసినట్టు మండుతయి. దుప్పటి తగిలినా ఓర్వలేను. తెల్లారగట్ల జెర నిమ్మళమైతది."

ఎన్నాళ్ళ నుండి అని అడిగితే మూడేండ్లు అన్నది! ఆ ఇంట్లో కొడుకు, కోడలు, ఎదిగిన మనుమలు ఉన్నారు. పెద్దమ్మకు రాత్రిళ్ళు నిద్ర పట్టదని వారికి తెలుసు గాని, ముసలితనమని ఊరుకున్నారు. ఆమె కూడా గట్టిగా చెప్పలేదు. చెప్పి ఏమి లాభము? కాలు చూస్తే వాపు లేదు, పుండు లేదు, ఎరుపు లేదు. కనబడని నొప్పిని ఎవరు నమ్ముతారు?

అలాగని ఆమె చేతులు ముడుచుకొని కూర్చోలేదు. గోరింటాకు నూరి పట్టించుకున్నది. ఆముదములో కర్పూరము కలిపి రాసుకున్నది. సొరకాయ కోసి ఆ ముక్కతో అరికాళ్ళు రుద్దుకున్నది. ఒంట్లో వేడి అని ఎవరో అంటే సబ్జా గింజలు, మజ్జిగ తాగింది. ఊరి ఆర్.ఎం.పి. వారానికొకటి ఎర్ర సూది వేశాడు, నొప్పి బిళ్ళలు పొట్లము కట్టి ఇచ్చాడు. ఆదివారము ఆరాధన తరువాత కాళ్ళ మీద నూనె రాసి ప్రార్థన చేయించుకున్నది. ప్రతిదీ రెండు రోజులు తగ్గినట్లే ఉండి, మూడవ రాత్రి మళ్ళీ గంగాళము దగ్గరకే తెచ్చేది.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లోను ఇట్లా గంగాళము దగ్గర కూర్చునేవారు ఉండవచ్చు. తల్లో, అత్తగారో, నాటువేసి వచ్చిన భార్యో. వారి కొరకే ఈ నాలుగు మాటలు.

మొదట ఒక సంగతి. అరికాళ్ళ మంట ఒక జబ్బు పేరు కాదు. అనేక జబ్బులు చేసే ఒకే ఫిర్యాదు. అందుచేత ఒకరికి తగ్గిన మందు ఇంకొకరికి తగ్గకపోవడములో వింత లేదు.

మన నడుము దగ్గర వెన్నుపూసల నుండి బయలుదేరి కాలి వేళ్ళ దాకా వెళ్ళే నరములు శరీరములో అన్నిటికన్న పొడుగైనవి. చెరువు కింద వ్యవసాయము చేసిన మనకు దీని అర్థము చెప్పనక్కరలేదు. తూములో నీరు తగ్గితే ముందుగా ఎండేది కాలువ చివరి మడి. అట్లాగే రక్తములో షుగరు పెరిగినా, విటమిను తగ్గినా, సారా విషము చేరినా ముందుగా దెబ్బ తగిలేది పొడుగు నరముల చివరకు, అంటే వేళ్ళకు, అరికాళ్ళకు. అందుకే మంట సాధారణముగా రెండు పాదములలోను ఒకేసారి మొదలవుతుంది. తరువాత మేజోడు తొడిగినట్లుగా పైకి పాకి పిక్కల దాకా, మోకాళ్ళ దాకా వస్తుంది. అప్పటికి చేతి వేళ్ళ కొసలు కూడా తిమ్మిరెక్కడము మొదలవుతుంది. పగలు పనిలో పడి మరచిపోతాము. రాత్రి ఇల్లు సద్దుమణిగి, కాళ్ళకు పక్క వెచ్చదనము తగలగానే మంట పెద్దదవుతుంది.

మంట ఒక కాలికే ఉండి, నడుము నుండి పిర్ర మీదుగా కిందికి జారుతుంటే అది వెన్నుపూసల దగ్గర నరము నొక్కుకొనుట కావచ్చు. నాలుగడుగులు నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గి, పాదము చల్లగా ఉంటే అది రక్తనాళముల సంగతి. బీడీ, చుట్ట తాగేవారు దీనిని గుర్తుంచుకోవాలి. వేళ్ళ సందులు నాని, తెల్లబడి, దురద మంట పెడితే అది చర్మపు జబ్బు, దానికి పూత మందు చాలును.

ఈ మంట మన దేశమునకు కొత్త కాదు. మద్రాసు సైన్యములో వైద్యుడైన మాల్కంసన్ అను దొర 1835లోనే దీనిని గూర్చి వ్రాశాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో జపాను వారి చెరలో తెల్లబియ్యపు గంజితో బతికిన వేలాది సైనికులు ఈ మంటతో రాత్రులు నిద్రలేక కాళ్ళు నీళ్ళలో పెట్టుకొని కూర్చున్నారు. మా పెద్దమ్మ గంగాళము వారికి కూడా తెలుసునన్నమాట! 1946లో డాక్టర్ సి. గోపాలన్ గారు దక్షిణ దేశపు పేదలలో కనబడే అరికాళ్ళ మంటను గూర్చి పరిశోధన వ్యాసము ప్రకటించి, దానిని బి విటమినుల గుంపుకు చెందిన పాంటోథెనిక్ ఆమ్లపు కొరతతో ముడిపెట్టారు. ఆయనే తరువాత మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు సంచాలకులుగా పనిచేశారు. ఆ సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి విచారణ కొరకు చిన్నగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది. నూరేండ్లు జీవించి 2019లో గోపాలన్ గారు కన్నుమూశారు.

ఆనాటి మంటకు మూలము ఆకలి. నేడు మన పల్లెలలో మొదట అనుమానించవలసినది షుగరు. 2023లో ప్రచురించబడిన భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ప్రకారము దేశములో 10 కోట్లకు పైగా జనులకు, అనగా పెద్దవారిలో నూటికి 11 మందికి పైగా షుగరు వ్యాధి ఉన్నది. అది పట్నపు ధనికుల జబ్బు అనుకునే రోజులు పోయాయి. మేడ్చల్, శామీర్‌పేట వైపు చూడండి. ద్రాక్ష తోటలు, కూరగాయ మళ్ళు ఉన్నచోట వెంచర్లు వచ్చాయి. చుట్టూ రింగు రోడ్డు వచ్చింది. పొలము అమ్ముకున్న రైతుకు నడక తగ్గింది, తిండి తగ్గలేదు. ఇది నింద కాదు, కళ్ళముందున్న సంగతి. షుగరు ఉన్నవారిలో కాలము గడచేకొద్దీ సగము మంది దాకా ఈ నరముల దెబ్బ చూస్తారు. కొందరికి షుగరు ఉన్నదని తెలిసేదే అరికాళ్ళ మంట వల్ల.

రెండవది బి12 విటమిను. ఇది పాలు, గ్రుడ్లు, చేపలు, మాంసము, ముఖ్యముగా కార్జములో ఉంటుంది. ఆకుకూరలలో, పప్పులలో ఉండదు. జాతీయ పోషకాహార సంస్థ వారు హైదరాబాదు, సికింద్రాబాదులలో ఆరోగ్యముగా ఉన్నట్లు కనబడే పెద్దవారిని పరీక్షించి 2016లో ప్రకటించిన లెక్కలో నూటికి 35 మందికి ఇది తక్కువగా ఉన్నది. మన పల్లెల చుట్టూ ఎన్నో కోళ్ళ ఫారాలు ఉన్నాయి, గ్రుడ్లు లారీలలో వెళ్తుంటాయి. కాని బర్రె పాలన్నీ కేంద్రమునకు పోసి, గ్రుడ్డు పిల్లలకు పెట్టి, చారు మెతుకులతో సరిపెట్టుకునే తల్లులు ఎందరు లేరు? ఇంకొక సంగతి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ బిళ్ళ ఏండ్ల తరబడి వేసుకుంటే బి12 తగ్గుతుంది. గ్యాసు బిళ్ళలు రోజూ మింగేవారికీ అంతే. అట్లని షుగరు బిళ్ళ మానకూడదు. బి12 పరీక్ష చేయించి, తక్కువైతే సూదుల ద్వారానో బిళ్ళల ద్వారానో నింపుకోవాలి.

ఇక్కడ ఎర్ర సూది మాట వస్తుంది. ఆ ఎరుపు బి12 రంగే. కొరత ఉన్నవారికి అది మంచి మందు. కొరత లేనివారికి ఎన్ని పొడిచినా మంట పోదు. బి కాంప్లెక్సు బిళ్ళలు ఎన్ని వేసుకున్నా మంచిదే అనుకోవడము కూడా పొరపాటు. వాటిలోని బి6 పెద్ద మోతాదులో నెలల తరబడి వేసుకుంటే, అదే నరములను చెడగొట్టి మంట పుట్టిస్తుంది.

మూడవది తాగుడు. సారా, గుడుంబా, బ్రాందీ ఏదైనా నరమునకు విషమే, పైగా తాగేవాడు తిండి సరిగా తినడు. పౌలు తిమోతికి ద్రాక్షారసము పుచ్చుకొమ్మని వ్రాశాడు గదా అని నాతో వాదించిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. అది కడుపు కొరకు, కొంచెము మాత్రమే. కాళ్ళ కొరకు క్వార్టరు సీసా అని ఎక్కడా లేదు.

క్షయకు మందులు వాడేవారిలో కూడా మంట రావచ్చు. ఐసోనియాజిడ్ అనే బిళ్ళ శరీరములోని బి6ను తగ్గిస్తుంది. అందుకే దానితోపాటు డాక్టర్లు చిన్న మోతాదులో బి6 ఇస్తారు. పైన ఎక్కువైతే చెడుపు అన్న బి6 ఇక్కడ తక్కువైతే చెడుపు. క్షయ మందులు సొంతముగా ఆపరాదు, మంట సంగతి చెప్పాలి. థైరాయిడు, మూత్రపిండముల జబ్బు కూడా ఈ జాబితాలో ఉన్నాయి.

ఇంతవరకు మంటను శత్రువుగా మాట్లాడాను. ఇప్పుడు దాని పక్షాన ఒక మాట చెప్పాలి.

నేను ఆ రాత్రి చూసి వచ్చిన తరువాత, పరీక్షలు చేయించండని మా వాళ్ళతో అన్నాను. నాట్లు అయిపోనీ అన్నారు. తరువాత మనుమరాలి పెండ్లి వచ్చింది. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. ఏడాది తిరిగేసరికి పెద్దమ్మ సంతోషముగా కబురు చేసింది, అరికాళ్ళ మంట పోయిందని. గృహకూటములో లేచి నిలబడి కృతజ్ఞత కూడా చెల్లించింది. నేనూ సంతోషించాను. మంట అరికాలు విడిచి పిక్కలకు ఎక్కిందని ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

మే నెలలో ఒక ఆదివారము. మా మందిరములో చెప్పులు గేటు దగ్గర విడుస్తారు. ఆరాధన ముగిసేసరికి పన్నెండు దాటింది. గేటు దాకా బండలు పరచి ఉన్నాయి. పిల్లలు గంతులు వేస్తూ పరుగెత్తారు. పెద్దమ్మ మాత్రము అందరితో మాట్లాడుతూ నిదానముగా నడిచి వచ్చింది. ఆ సాయంత్రము కోడలు చాప మీద తడి మరకలు చూసి కాలు ఎత్తి చూస్తే, అరికాలంతా బొబ్బలెక్కి పగిలి ఉన్నది. ఆమెకు తెలియనే తెలియదు.

మంట పోలేదు, నరము చచ్చిపోయింది. ఆసుపత్రిలో పరీక్ష చేస్తే షుగరు చాలా ఎక్కువగా ఉన్నది, బి12 తక్కువగా ఉన్నది. నెలన్నర కట్లు కట్టారు. ఎడమ కాలి చిటికెనవేలు తీసివేయవలసి వచ్చింది. ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. నేను మాత్రము ఆ గంగాళము సంగతి ఇప్పటికీ మరువలేకున్నాను.

నొప్పి లేని కాలు ఎంత ప్రమాదమో కుష్ఠు రోగుల ద్వారా ప్రపంచమునకు చెప్పినవాడు డాక్టర్ పాల్ బ్రాండ్. మిషనరీ తల్లిదండ్రులకు 1914లో తమిళ దేశపు కొల్లి కొండలలో పుట్టి, 1946 నుండి వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో శస్త్ర వైద్యుడుగా పనిచేశాడు. కుష్ఠు రోగుల వేళ్ళు జబ్బు వల్ల వాటంతట అవి రాలిపోవడము లేదు, స్పర్శ లేక దెబ్బలు, కాలిన గాయములు తెలియక పోగొట్టుకుంటున్నారని చూపించాడు. తరువాత అమెరికాలో అదే జ్ఞానమును షుగరు రోగుల పాదములకు ఉపయోగించాడు. నొప్పిని ఎవరూ కోరని బహుమానమని ఆయన అనేవాడు. మా పెద్దమ్మ మూడేండ్లు గంగాళములో చల్లార్చినది ఆ బహుమానమునే.

కుష్ఠు అనగానే మన వైపు వారికి రెండు స్థలములు గుర్తుకు వస్తాయి. మేడ్చల్ మీదుగా నిజామాబాదు వెళ్ళే రైలు దారిలో, మెతడిస్టు మిషను డాక్టరమ్మ ఇసబెల్ కెర్ 1915లో ఆసుపత్రి తెరచిన డిచ్‌పల్లి ఒకటి, కూకట్‌పల్లిలో రాణి కుముదినీ దేవి 1958లో ప్రారంభించిన శివానంద ఆశ్రమము ఒకటి. కుష్ఠు నేటికీ పూర్తిగా పోలేదు. చర్మము మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చతో పాటు కాలిలో తిమ్మిరి, మంట ఉంటే దాచుకోవద్దు. మందులు ఉచితము, ఆరు నెలలు లేక ఏడాదిలో చికిత్స పూర్తవుతుంది.

మరి చేయవలసినది ఏమిటి? ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో రక్తములో షుగరు చూస్తారు. మేడ్చల్ ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది, ఘనపూర్‌లో 2002 నుండి వైద్య కళాశాల ఉన్నది, పెద్ద పరీక్షలకు గాంధీ ఆసుపత్రి, నిమ్స్ ఉన్నాయి. షుగరు, బి12, థైరాయిడు, మూత్రపిండముల పరీక్షలు ముఖ్యము. డాక్టరు సన్నని నైలాను దారముతో అరికాలిని తాకి, కళ్ళు మూసుకొని చెప్పమంటే అది ఆట కాదు, స్పర్శ పరీక్ష. డాక్టరు చూడకపోతే, చూడమని మీరే అడగండి. తప్పు లేదు.

కారణము దొరికితే దానికి వైద్యము. మంటకు వేరే మందులున్నాయి. అమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్, గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ అనేవి. వీటిలో కొన్ని దిగులుకు, కొన్ని మూర్ఛకు కనిపెట్టినవి. మందుల షాపులో ఎవరైనా "ఇది ఫిట్సు మందు గదా" అంటే భయపడి పారవేయకండి, నరముల మంటకు కూడా వాటినే వాడతారు. ఒకటి రెండు రోజులలో ఫలితము కనబడదు, కొన్ని వారములు పడుతుంది. మొదట మత్తుగా, తూలినట్లు ఉంటుంది కనుక ముసలివారు రాత్రి లేచేటప్పుడు జాగ్రత్త. హఠాత్తుగా ఆపకూడదు. మంట పూర్తిగా పోతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. సగము తగ్గి రాత్రి నిద్రపడితే మేలు జరిగినట్లే. చాలాకాలము ఎక్కువగా ఉన్న షుగరు ఒక్కసారిగా దిగితే కొన్నాళ్ళు మంట పెరగవచ్చు. మందు పడలేదని అపార్థము చేసుకోవద్దు.

డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు కీళ్ళకు పనిచేస్తాయి గాని నరముల మంటకు పెద్దగా పనిచేయవు. రోజూ మింగితే మూత్రపిండములు పాడవుతాయి. మా పెద్దమ్మ మూడేండ్లు మింగింది. మిరపకాయలోని కారపు సారముతో చేసిన పూత మందు కొందరికి ఉపశమనము ఇస్తుంది. అట్లని ఇంట్లో కారము నూరి రాసుకోకండి!

చల్లని నీళ్ళలో కాసేపు పాదములు పెట్టి, తుడుచుకొని, వేళ్ళ సందులు ఆరనివ్వడములో దోషము లేదు. గంటల తరబడి నానబెడితే చర్మము చీలుతుంది. మంచు గడ్డలు, వేడి ఇటుక, కాపడము వద్దు. స్పర్శ తగ్గిన కాలికి నీళ్ళ వేడి తెలియదు, మోచేతితో ఇంకొకరు చూడాలి. ఆనెకాయలు బ్లేడుతో కోయరాదు. ఇంట్లోను చెప్పులు వేసుకోవాలి. కుష్ఠు రోగుల కొరకు వాడిన మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు షుగరు రోగులకు కూడా మంచివి.

మందిరములోనికి చెప్పులతోనా అని కొందరు నొసలు చిట్లిస్తారు, మోషేను గుర్తుచేస్తారు. మోషే చెప్పులు విడిచినచోట నేల ఎంత కాలుతున్నదో ఆయన కాళ్ళకు తెలుసు. మా పెద్దమ్మ కాళ్ళకు తెలియదు. మా సంఘ పెద్దలు ఆ సంగతి గ్రహించి, గేటు నుండి గడప దాకా నారపట్ట పరిపించారు. స్పర్శ లేనివారు చెప్పులతోనే వచ్చి కూర్చోవచ్చునన్నారు.

ఇంకొక వాదము కూడా విన్నాను. రాజైన ఆసా పాదములలో జబ్బు పుట్టినప్పుడు యెహోవాను కాక వైద్యులను వెదకెను గదా, కనుక బిళ్ళలు అవిశ్వాసమట. దేవుని వెదకకపోవుట ఆసా తప్పు. వైద్యులున్నారనుట తప్పు కాదు. హిజ్కియా పుండుకు అంజూరపు ముద్ద వేయించినది ప్రవక్తయైన యెషయాయే. లూకాను పౌలు ప్రియమైన వైద్యుడనే పిలిచాడు. ప్రార్థన కొరకు వచ్చిన మనిషి ఇంటికి వెళ్ళి షుగరు బిళ్ళ మానివేస్తే, ప్రార్థించినవారు ఆమెను మళ్ళీ వెదకి వెళ్ళి బిళ్ళ వేసుకొమ్మని చెప్పవలసినదే.

పెద్దమ్మ ఇప్పుడు షుగరు మందులు సరిగా వేసుకుంటున్నది. బి12 సూదులు పూర్తయి, బిళ్ళలలోకి వచ్చింది. అరికాళ్ళకు స్పర్శ తిరిగి రాలేదు. పిక్కల మంట రాత్రి బిళ్ళతో తగ్గి, నాలుగైదు గంటలు నిద్రపోతున్నది. గంగాళము దొడ్లో బర్రెకు కుడితి పెట్టడానికి పోయింది. రోజూ అన్నము తిన్న తరువాత చిన్న మనుమడు సెల్లు లైటు వేసి ఆమె అరికాళ్ళు చూడాలి. మొన్న నేను వెళ్ళినప్పుడు వాడికి ఆటకు వెళ్ళే తొందర. అటూ ఇటూ లైటు తిప్పి, "ఏం లేదు నానమ్మా" అని లేవబోయాడు. పెద్దమ్మ వాడి చెయ్యి వదలలేదు.

"వేళ్ళ సందులల్ల సూడలే. కూసో."